చెక్క శాంటా ముఖం చదునుగా వస్తోంది, గడ్డం పీచు లేస్తోంది, రంగు పాకుతోంది: ఎందుకు, ఏం చేయాలి

అడిగిన సంగతి ఇదీ. ఐదంగుళాల చెక్క దిమ్మలో క్రిస్మస్ తాతను చెక్కుతున్నారు. ముఖం బల్లపరుపుగా వస్తోంది. గడ్డంలో గీతలు శుభ్రంగా తెగకుండా పీచు లేస్తోంది. రంగు వేస్తే కోటు ఎరుపు తెల్ల బొచ్చు అంచులోకి పాకిపోతోంది. చెక్క మార్చాలా, ఇంకా పనిముట్లు కొనాలా, వేరే రంగు వాడాలా అన్నది ప్రశ్న.

మూడు తప్పుల్లా కనిపిస్తున్నా మూలాలు రెండే. ముఖం చదునుగా రావడానికి కారణం దిమ్మ చదునైన పక్క మీద ముఖం గీసుకోవడం. పీచు లేవడానికీ, రంగు పాకడానికీ కారణం అంచు పదును చాలకపోవడం. పదునులేని అంచు నారను కోయదు, నలిపి చింపుతుంది. చిరిగిన నార దీపం వత్తిలా రంగునీళ్లు పీల్చి పక్కకి తీసుకెళ్తుంది. కాబట్టి కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. చెక్క మాత్రం ఒకసారి చూసుకోండి.

ఈ పనికి బాస్‌వుడ్ అనే మెత్తటి చెక్కను మించింది లేదు. యూరప్‌లో దీని దగ్గరి చుట్టాన్ని లిండెన్ అనీ లైమ్ అనీ అంటారు. 1500 ప్రాంతంలో టిల్మన్ రీమెన్‌ష్నైడర్ జర్మన్ చర్చిలకు చెక్కిన శిల్పాల్లో చాలా వాటికి వాడింది ఆ లిండెనే. ఎండిన బాస్‌వుడ్ ఘనమీటరుకి సుమారు 415 కిలోలు తూగుతుంది. నార సన్నగా, సమంగా ఉంటుంది, గట్టి వలయం మెత్తటి వలయం అన్న తేడా కత్తికి దాదాపు తెలియదు. పైన్‌లో ఆ తేడా బాగా తెలుస్తుంది. మెత్తటి పట్టీలో జారిన కత్తి గట్టి పట్టీ దగ్గర ఆగి, బలం పెంచగానే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. చేతులు తెగేది అలాంటప్పుడే. బాల్సా అనే చెక్క మెత్తగా ఉంటుంది కదా అని చాలామంది దానితో మొదలుపెడతారు. అది తెగదు, నలుగుతుంది, సన్న వివరమేదీ నిలవదు. మెత్తదనం ఒక్కటే చాలదు, కోత పట్టి నిలిచే గుణం కావాలి.

దిమ్మ ఎంచుకునేటప్పుడు కొసలు చూడండి. వలయాల మధ్యలో ఉండే బెండు దిమ్మలో ఉండకూడదు, ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. నార నిలువుగా, అంటే టోపీ నుంచి బూట్ల దాకా సాగాలి. ఒకే కొలత దిమ్మల్లో తేలిగ్గా, తెల్లగా ఉన్నదాన్ని తీసుకోండి. బరువుగా, గోధుమరంగు చారలతో ఉన్నవి తరచూ గట్టిగా ఉంటాయి. బాగా ఎండి పెళుసెక్కిన చెక్క అయితే రబ్బింగ్ ఆల్కహాల్ అనే మందుల షాపు స్పిరిట్టూ నీళ్లూ సగంసగం కలిపి, చెక్కబోయే చోట స్ప్రేతో పలచగా చల్లి ఐదు నిమిషాలు ఆగండి. కత్తి వెన్నలోకి దిగినట్టు దిగదు గానీ తేడా తెలుస్తుంది. పని ఆపినప్పుడు దిమ్మను ప్లాస్టిక్ సంచిలో పెడితే మరీ ఎండిపోకుండా ఉంటుంది. కానీ తడిపిన దిమ్మను రోజుల తరబడి అలా మూసిపెడితే బూజు మచ్చలు పడతాయి.

పనిముట్లు ఇవి చాలు. సుమారు 38 మి.మీ. అలుగుతో ఒక కత్తి. 25 మి.మీ. అలుగు, సన్న మొనతో ఇంకొకటి. రెండు రెక్కలు వి ఆకారంలో కలిసే ఉలి, అదే వి-టూల్: 6 మి.మీ.ది ఒకటి, గడ్డం కోసం 2 మి.మీ.ది ఒకటి. గాజ్ అనే గుండ్రటి ఉలుల్లో 9వ నంబరు వంపుది 6 మి.మీ., 11వ నంబరుది 3 మి.మీ. ఈ నంబరు వంపు లోతును చెబుతుంది, వెడల్పును కాదు. 3 దాదాపు చదును, 9 సుమారు అర్ధవృత్తం, 11 అంటే యు అక్షరంలా లోతైనది. పన్నెండు ఉలుల చౌక పెట్టె కంటే మంచి కత్తి ఒక్కటి మేలు. ఆ పెట్టెల్లో ఉలులు చాలావరకు పదును పెట్టకుండానే వస్తాయి, వాటిని దారికి తేవడమే కొత్తవారికి పెద్ద పని.

దిమ్మ పట్టుకునే చేతికి కోత తట్టుకునే తొడుగు, కత్తి పట్టిన చేతి బొటనవేలికి తోలు తొడుగు తప్పనిసరి. ఆ చేతితొడుగు అంచు జారితే కాపాడుతుంది, మొన గుచ్చుకుంటే కాపాడదు. కాబట్టి కత్తి మొన ఎదురుగా అరచేయి పెట్టి నెట్టకూడదు. దిమ్మను ఒళ్లో, తొడల మధ్య పెట్టుకుని చెక్కకండి. తొడ లోపలివైపు పెద్ద రక్తనాళం ఉంటుంది. మోచేతులు పక్కటెముకలకు ఆనించుకుని, దిమ్మ ఛాతీ ఎత్తులో ఉండేలా కూర్చుంటే కోతలు పొట్టిగా, అదుపులో ఉంటాయి.

ఇప్పుడు పదును. అలుగు రెండు వాలులూ కలిపి మొత్తం కోణం 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే బాస్‌వుడ్‌కి సరిపోతుంది. వంటింటి కత్తికి పెట్టినట్టు అంచు దగ్గర ఇంకో చిన్న వాలు పెట్టకూడదు. వెన్ను నుంచి అంచు దాకా ఒకే చదును ఉండాలి. చిన్న వాలు ఉంటే కత్తి చెక్కలోకి దిగదు, పైపైన జారిపోతుంది. జారకుండా మీరు కత్తిని ఎత్తి పడతారు, అప్పుడు గుచ్చుకుని లోతుగా దిగిపోతుంది. చాలామంది చెక్క గట్టిగా ఉందనుకునేది దీనివల్లే. గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి 400, 600, 1000, 2000 నంబర్లు వరసగా, ప్రతిదాని మీదా అంచు పొడవునా రెండోవైపు సన్నటి కరుకు వేలికి తగిలేదాకా నూరండి. వేలును వెన్ను నుంచి అంచు వైపుకే జరపాలి, అంచు వెంబడి కాదు. ఒక నంబరు గీతలు పూర్తిగా పోకముందే తర్వాతి నంబరుకి వెళ్తే ఆ గీతలు చివరిదాకా ఉంటాయి.

తర్వాత తోలు పట్టె. చెక్కపలకకు అతికించిన తోలు మీద ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పేస్టు పలచగా రుద్ది, అలుగును పూర్తిగా పడుకోబెట్టి, వెన్ను ముందు, అంచు వెనక ఉండేలా లాగండి. ఒక్కో వైపు 15 సార్లు. లాగడం పూర్తయ్యేచోట మణికట్టు తిప్పకండి, కత్తిని ఆపి నిలువుగా పైకి తీయండి. ఆ చిన్న తిప్పుడే వందసార్లు జరిగి అంచు గుండ్రమైపోతుంది. ఎంత రుద్దినా పదును రావడంలేదంటే ముందు ఇక్కడే చూడాలి. తోలును గట్టిగా నొక్కినా అంతే, తోలు కుంగి అంచు చుట్టూ లేస్తుంది. చెక్కుతున్నప్పుడు ప్రతి 20–30 నిమిషాలకు ఒకసారి ఇలా రుద్దుతుంటే ఉప్పుకాగితం దాకా వెళ్లే అవసరం నెలల తరబడి రాదు.

పరీక్ష చేతి వెంట్రుకల మీద కాదు, చెక్క మీదే చేయాలి. బాస్‌వుడ్ ముక్క కొసన, నారకు అడ్డంగా, పలచటి పెచ్చు తీయండి. కోసినచోట నిగనిగలాడితే పదును ఉంది. పాలిపోయి గరుగ్గా ఉంటే లేదు. నిగనిగల మధ్య తెల్లటి సన్న గీత ఒకటి కనిపిస్తే అంచులో ఆ చోట గండి ఉంది, 600 నంబరు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

గడ్డంలో పీచుకి వి-టూల్ మీద ఇంకొంచెం అనుమానం పెట్టుకోవాలి. అది రెండు చదును ఉలులు, వాటి అడుగున కలిసేచోట అతి చిన్న గాజ్. రెక్కలు రెండూ పదునుగా ఉన్నా ఆ కలిసేచోట చిన్న పంటిలా ముందుకు పొడుచుకొస్తే గీత అడుగు చీలుతుంది. బయటివైపు ఆ వెన్నెముక దగ్గర కొద్దిగా గుండ్రంగా నూరితే పన్ను పోతుంది. రెక్కల్లో ఒకదానిలో గుంట పడితే ఆ వైపు ఎక్కువ నూరేశారని అర్థం. వి-టూల్‌కి తోలు పట్టె బదులు సులువైన మార్గం ఉంది. ఒక చెత్తముక్క మీద అదే వి-టూల్‌తో నారవెంట ఒక గాడి తీయండి, అందులో పేస్టు రుద్దండి, టూల్‌ను ఆ గాడిలో పెట్టి వెనక్కి లాగండి. గాడి మీ టూల్ ఆకారమే కాబట్టి రెక్కలు రెండూ, అడుగూ ఒకేసారి నునుపవుతాయి. గాజ్‌లకూ ఇదే పద్ధతి.

ఇక ముఖం. 38 మి.మీ. చదరపు దిమ్మలో మధ్య నుంచి చదును పక్కకి 19 మి.మీ. ఉంటుంది. మధ్య నుంచి మూలకి దాదాపు 27 మి.మీ. ముక్కును మూల అంచు మీద పెడితే ఏమీ చెక్కకముందే 8 మి.మీ. లోతు మీకు ఉచితంగా వచ్చింది, బుగ్గలు రెండూ వాటంతటవే వెనక్కి వాలి ఉన్నాయి. చదును పక్క మీద గీస్తే అదే లోతు కోసం ముఖమంతా 8 మి.మీ. కిందికి దించాలి. అంత ధైర్యం ఎవరూ చేయరు, రెండు మిల్లీమీటర్లు దించి ఆపుతారు. అందుకే పలక మీద గీసిన బొమ్మలా ఉంటుంది.

127 మి.మీ. పొడవు దిమ్మకు పైనుంచి కొలతలు ఇలా గీసుకోండి, గీతలు చుట్టూ తిరగాలి. 30 దాకా టోపీ, 38 దాకా టోపీ బొచ్చు అంచు, 42 దగ్గర కళ్ల గీత, 52 దగ్గర ముక్కు అడుగు, 60 దాకా మీసం, 84 దాకా గడ్డం. కోటు అడుగు బొచ్చు 104 నుంచి 112, అక్కడినుంచి చివరిదాకా బూట్లు. ముందు మూల మీద నిలువుగా మధ్యగీత గీయండి. కత్తి దాన్ని తీసేసిన ప్రతిసారీ మళ్లీ గీయండి. కళ్లు వంకరగా రావడం చేతి వణుకు వల్ల కాదు, చాలాసార్లు ఈ గీత మళ్లీ గీయకపోవడం వల్ల.

నార సంగతి ఇక్కడే చెప్పాలి, దీన్ని పట్టుకుంటే సగం చెక్కుడు వచ్చినట్టే. దిమ్మను నిలువుగా కట్టిన గడ్డిమోపు అనుకోండి. ఎత్తు నుంచి పల్లానికి కోస్తే పరకలు ఒకదాన్నొకటి ఆనుకుని శుభ్రంగా తెగుతాయి. పల్లం నుంచి ఎత్తుకి కోస్తే కత్తి పరకల మధ్య దూరి చీలుస్తుంది. కాబట్టి ఎప్పుడూ వాలు దిగుతూనే కోయాలి. నడుము దగ్గరలాంటి గుంటలో పైనుంచి అడుగుదాకా ఒక కోత, దిమ్మను తిప్పి కిందినుంచి అదే అడుగుదాకా ఇంకో కోత. రెండూ కలిసేచోట ఆగాలి, ఒక మిల్లీమీటరు దాటినా ఎదురు నారే. చీలుతున్నట్టు చప్పుడు మారగానే ఆపి దిమ్మను తిప్పండి, బలం పెంచకండి. కత్తిని తిన్నగా నెట్టకుండా, నెడుతూనే అలుగు మడమ (పిడి దగ్గరి అంచు) నుంచి మొన వైపు జార్చితే సగం బలంతో తెగుతుంది.

మొదట మొత్తం బొమ్మ పెద్ద రూపం తీయండి: టోపీ కొనదేలడం, మూలల వాడితనం పోవడం, మెడ దగ్గర, కోటు కింద పల్లాలు. దాని తర్వాత, చేతులూ కోటు మడతలూ ముట్టుకోకముందే, ముఖం. ముఖం పాడైతే ఇంకా చెక్క మిగిలే ఉంటుంది, తల మొత్తాన్ని మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపి మళ్లీ తీయవచ్చు. ఒళ్లంతా పూర్తిచేసి చివర ముఖం చెక్కేవారికి ఆ అవకాశం ఉండదు.

బొచ్చు అంచు అడుగున కత్తి మొనతో చుట్టూ 3 మి.మీ. లోతు అడ్డుగాటు పెట్టండి. స్టాప్ కట్ అనేది ఇదే. కిందినుంచి వచ్చే కోత దాని దగ్గర ఆగుతుంది, పెచ్చు ఊడి వస్తుంది. కళ్ల గీత మీద మూలకు అడ్డంగా 5 మి.మీ. లోతు గాటు పెట్టి, ముక్కు కొన నుంచి పైకి వాలుగా ఆ గాటులోకి కోయండి. ఒక్కసారిలో 5 మి.మీ. రాదు, గాటు, కోత, మళ్లీ గాటు, మళ్లీ కోత, మూడు విడతలు. తర్వాత ముక్కు అడుగున 52 దగ్గర ఇంకో గాటు 4 మి.మీ. లోతు, మీసం వైపు నుంచి దానిలోకి పైకి కోత. పక్కనుంచి చూస్తే ఇప్పుడు చిలుక ముక్కులాంటి ముక్కోణం కనిపించాలి. కనిపించకపోతే ముందుకి వెళ్లకండి.

6 మి.మీ. గాజ్‌తో ముక్కు దూలానికి రెండు పక్కలా కంటి గుంటలు తీయండి. గుంటలు తిన్నగా లోపలికి కాదు, చెవుల వైపు వెనక్కి తిరగాలి. కంటి బయటి మూల లోపలి మూల కంటే వెనక ఉండాలి. ఈ ఒక్కటీ తప్పితే మూల మీద చెక్కిన ముఖం కూడా మళ్లీ చదునవుతుంది. ముక్కు పక్కల నుంచి మీసం మీదుగా కిందికి వి-టూల్‌తో నవ్వు గీత తీసి, బుగ్గలను పైకి ఉబ్బుగా గుండ్రం చేయండి. ఎత్తుల వరస గుర్తుంచుకోండి. అన్నిటికంటే ముందుకి ముక్కు, దానికంటే 4 మి.మీ. వెనక మీసం, దానికి ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు వెనక గడ్డం మొదలు. బుగ్గలు మీసంతో సమానంగా ఉండవచ్చు. కళ్లు అన్నిటికంటే వెనక.

కళ్లకు మొదటి ఐదారు బొమ్మల్లో గుంటలో చిన్న గుబ్బ, పై రెప్ప గీత ఒక్కటీ చాలు. మిగతాది కుంచె చేస్తుంది. చెక్కాలనుకుంటే రెండు కళ్ల పై రెప్పలు ముందు, తర్వాత రెండిటి కింది రెప్పలు, ఆ తర్వాత నాలుగు మూలల్లో మూడు కోతల చిన్న ముక్కోణాలు. ఒక కన్ను పూర్తిచేసి రెండోదానికి వెళ్తే రెండూ ఒకేలా రావు. రెండు కళ్ల మధ్య ఇంకో కన్ను పట్టేంత చోటు ఉండాలి. సరిపోలాయో లేదో తెలియకపోతే బొమ్మను తలకిందులుగా పట్టుకుని లేదా అద్దంలో చూడండి. కంటికి అలవాటైన తప్పు అప్పుడు బయటపడుతుంది.

ముక్కు కొన విరిగిందంటే కారణం ఎక్కువసార్లు ఒకటే. గాటులో ఉన్న పెచ్చు ఊడలేదని కత్తిని మీటలా తిప్పుతారు. నార నిలువుగా ఉంది, ముక్కు అడుగున నార పొట్టిగా తెగి ఉంది, మీటితే అక్కడే ఊడుతుంది. పెచ్చు ఊడకపోతే గాటు లోతు చాలలేదని అర్థం, మళ్లీ గాటు పెట్టాలి. విరిగిన ముక్క దొరికితే సూపర్‌గ్లూ ఒక్క చుక్కతో అతికించి గట్టిపడేదాకా కదపకండి. జిగురు పక్కకి పొంగనివ్వకండి, జిగురు పట్టినచోట పలచటి రంగు దిగదు. తెల్ల జిగురైతే సమయం పడుతుంది, తుడిచేయడం మాత్రం తేలిక.

గడ్డం చెక్కడంలో సాధారణ తప్పు మొదటే సన్న గీతలు గీయడం. దువ్వెనతో దువ్విన చీపురులా ఉంటుంది. ముందు గడ్డం మొత్తాన్ని గుండ్రటి ముద్దగా తీయండి, పక్కల ఛాతీని 3–4 మి.మీ. దించండి. తర్వాత 6 మి.మీ. గాజ్‌తో నాలుగైదు పెద్ద వంకరపాయలు, ఎస్ ఆకారంలో, ఒకదాని కిందికి ఒకటి దూరేట్టు. ఆపైన పెద్ద వి-టూల్‌తో ఒక్కో పాయను రెండు మూడుగా చీల్చండి. 2 మి.మీ.ది చివర, అదీ పాయల అంచుల్లోనే. పాయల ఉబ్బెత్తు మీద కొంత ఖాళీ నునుపు వదిలితే వెలుగు పడి గడ్డం జీవంగా ఉంటుంది.

వి-టూల్ వంకరగా వెళ్లినప్పుడు ఒక రెక్క నారవెంట, ఇంకో రెక్క నారకు ఎదురుగా ఉంటుంది. గాడి ఒక గోడ నునుపుగా, ఇంకోటి గరుగ్గా రావడానికి కారణం ఇదే, మీ చేతి తప్పు కాదు. పదునైన టూల్‌తో లోతు తగ్గించి రెండు మూడు సార్లు తీయండి, గరుకు గోడను చివర ఎదురు దిక్కు నుంచి ఒక పలచటి కోతతో శుభ్రం చేయండి. ఇంకో సంగతి: రెక్కల పై కొనలు ఎప్పుడూ చెక్క పైకి కనిపిస్తూ ఉండాలి. టూల్ మొత్తం మునిగితే కొనలు కోయవు, చింపుతాయి. పదును ఉన్నా గడ్డంలో పీచు ఇలా కూడా లేస్తుంది.

చేతులు కోటు జేబుల్లో పెట్టేయండి. వేళ్లు చెక్కడం వేరే చదువు. మోచేయి లోపలివైపు రెండు మూడు మడతలు, లోతుగా, ఒకే బిందువు నుంచి విసనకర్రలా విచ్చుకునేట్టు తీస్తే చేయి వంగినట్టు కనిపిస్తుంది. బొచ్చు అంచులు కోటు కంటే 2 మి.మీ. ఎత్తుగా ఉండాలి. 3 మి.మీ. గాజ్‌తో పొట్టి పొట్టి గుంటలు, అన్నీ వేర్వేరు దిక్కుల్లో తీయండి. వరసగా తీస్తే ఇటుక గోడలా ఉంటుంది.

ఉప్పుకాగితంతో నునుపు చేయాలా అంటే, నా మాట వద్దనే. కత్తి వదిలిన చదునులు బొమ్మకు అందం. స్వీడన్‌లో డోడర్‌హుల్టార్న్‌గా పేరొందిన ఆక్సెల్ పీటర్సన్ (1868–1925) చెక్కిన మనుషుల్లో నునుపు చేసిన చోటు వెతుక్కోవాలి, అయినా ఆ మనుషుల అలసట సైతం కనిపిస్తుంది. అదీకాక కాగితం రుద్దితే దాని రేణువులు నారలో ఇరుక్కుంటాయి, తర్వాత అక్కడ కత్తి పెడితే అంచు పోతుంది. పెన్సిల్ గీతలూ చేతి మురికీ పోవాలంటే చివర్లో ఒళ్లంతా కాగితమంత పలచటి కోత ఒకసారి తీయండి. తర్వాత గిన్నెలు తోమే సబ్బు చుక్క, గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో తోమి రాత్రంతా ఆరనివ్వండి. తోమాక పీచు ఎక్కడ లేచిందో కనబడుతుంది, అక్కడ మళ్లీ కోయండి.

రంగుకి మామూలు అక్రిలిక్ చాలు, మార్చాల్సింది నీళ్ల కొలత. కోటుకి ఒక చుక్క రంగుకి 8 నుంచి 10 చుక్కల నీళ్లు, చెక్క నార లోపలినుంచి కనిపించేంత పలచన. తెల్లదానికి మూడు చుక్కలే, లేకపోతే మట్టిరంగులో కనిపిస్తుంది. కుంచెను రంగులో ముంచాక గుడ్డ మీద అద్ది, అప్పుడు బొమ్మకు పెట్టండి. నిండు కుంచె పెడితే నీళ్లు నారవెంట పైకీ కిందికీ పరిగెడతాయి. రెండు రంగులు కలిసేచోట కత్తి మొనతో పెట్టిన శుభ్రమైన గాటు ఉంటే అది గట్టులా పనిచేస్తుంది, నార అక్కడ తెగిపోయింది కాబట్టి రంగు దాటదు. మీ బొమ్మలో ఎరుపు దాటిందంటే ఆ గాటు లేదు, లేదా మొద్దు మొనతో నలిగింది. గాటుకి ఒక వెంట్రుక ఎడంగా రంగు ఆపి, మిగతా చోటికి రంగు దానంతట అది చేరనివ్వండి.

వరస: ముందు ముఖం, తర్వాత తెలుపు, తర్వాత ఎరుపు, చివర బూట్లూ బెల్టూ. ముఖం రంగు తడిగా ఉండగానే బుగ్గలకూ ముక్కు కొనకూ పలచటి ఎరుపు తాకిస్తే అంచు తెలియకుండా కలిసిపోతుంది, ఆరాక వేస్తే అతికించిన బిళ్లలా ఉంటుంది. కోటు మడతల లోతుల్లో ఎరుపుకి కొద్దిగా ముదురు గోధుమరంగు కలపండి. బూట్లకు ముద్ద నలుపు వద్దు, నలుపులో గోధుమరంగు కలిపితే చెక్కినదంతా కనిపిస్తుంది. కనుపాప పై రెప్పను తాకాలి, నాలుగువైపులా తెలుపు కనిపిస్తే తాత భయపడ్డట్టుంటాడు. మెరుపు చుక్కలు టూత్‌పిక్ కొనతో, రెండు కళ్లలోనూ ఒకే వైపు పెట్టండి. చివర కుంచెను గుడ్డ మీద దాదాపు పొడిగా తుడిచి, లేత తెలుపును మడతల అంచుల మీద తేలిగ్గా రుద్దితే కత్తి చదునులు తేలుతాయి.

రంగు పూర్తిగా ఆరాక, మ్యాట్ వార్నిష్ పలచగా ఒక పూత వేసి అదీ ఆరనివ్వండి. తర్వాత 50 మి.లీ. బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్‌లో (త్వరగా ఆరే అవిసె నూనె) బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు ఆయిల్ పెయింట్ శనగగింజంత కలిపి, కుంచెతో బొమ్మంతా పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయండి. గోధుమరంగు గీతల్లో నిలిచి పాతదనం తెస్తుంది. వార్నిష్ లేకుండా నేరుగా పూస్తే టోపీ కొన, బూట్ల అడుగు, ముక్కు అడుగు నల్లబడతాయి, నార కొసలు అక్కడ నోరు తెరుచుకుని ఉంటాయి కాబట్టి. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక నిప్పు ఏమీ లేకుండానే అంటుకుంటుంది. ఆరుబయట ఒక్కో గుడ్డా విడివిడిగా పరిచి బిరుసెక్కేదాకా ఆరనివ్వండి, లేదా మూతున్న లోహపు డబ్బాలో నీళ్లలో ముంచి ఉంచండి.

చెట్టుకి వేలాడదీసే చిన్న బొమ్మ అయితే కొక్కెం స్క్రూ కోసం ముందే 1 మి.మీ. రంధ్రం వేయండి, వేయకుండా తిప్పితే టోపీ కొన నిలువునా చీలుతుంది.

ముఖం దగ్గరే ఆగిపోతుంటే మధ్యలో ఒకటి రెండు నోమ్ బొమ్మలు, అంటే గడ్డం మరుగుజ్జు బొమ్మలు, చెక్కండి. 25 × 25 × 75 మి.మీ. దిమ్మ, పొడుగు టోపీ, మూల మీద గుండ్రటి ముక్కు, కింద గడ్డం. టోపీ ముక్కు మీదికి దిగి ఉంటుంది కాబట్టి కళ్లే ఉండవు. అడ్డుగాటూ, వాలు కోతా, వి-టూల్ గీతా చేతికి అలవాటవుతాయి. ఆ తర్వాత పాతకాలపు పొడవు అంగీ తాత మేలు, కాళ్ల మధ్య చీలిక తీయక్కర్లేదు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదాన్ని పారేయకండి. ముక్కు మధ్యగీతను వదిలేసి, దానికి రెండు పక్కలా ముఖాన్ని చెవుల వైపు వాలుగా కోస్తూ పొండి, బయటి అంచు దగ్గర 5 మి.మీ. పోయేదాకా. కంటి గుంటలు మళ్లీ గాజ్‌తో వెనక్కి తీయండి. తల కొంచెం సన్నబడుతుంది, టోపీ అంచును కూడా ఆ మేరకు తగ్గించండి. రంగు పాకిన బొచ్చు అంచు మీద, కత్తిని తోలు మీద రుద్దుకుని, అర మిల్లీమీటరు మందం పెచ్చులు తీసేస్తే తెల్ల చెక్క బయటపడుతుంది. గాటు మళ్లీ పెట్టి, గుంటలు మళ్లీ తీసి, ఈసారి ముందు తెలుపు వేయండి.